బీకాం అమ్మాయికి సేవాసంస్థలో ఏ పని?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మాయి బీకాం ఫస్ట్ క్లాసులో పాసైంది. బ్యాంకు కోచింగ్‌కి వెళ్లమంటే వద్దంటోంది. హింస నుంచి బయటపడిన ఆడవాళ్లతో వస్తువులు చేయించి, ఆ అమ్మకాల డబ్బుతో వాళ్లకు ఆశ్రయం, వైద్యం చూసే సంస్థల్లో చేరతానంటోంది. అదీ ఒక ఉద్యోగమేనా? భయంగా ఉందండీ.

జవాబు: ఉద్యోగమేనండీ. అక్కడ బీకాం చదివినవాళ్ల అవసరం మీరు అనుకునేదానికన్నా ఎక్కువ.

ఇలాంటివి ఎలా పుడతాయో చూడండి. అమెరికాలోని నాష్‌విల్‌లో బెక్కా స్టీవెన్స్ అనే చర్చి పాస్టర్ 1997లో వ్యభిచారం, మత్తుమందుల నుంచి బయటపడ్డ మహిళలకు ఒక ఇల్లు తెరిచారు. రెండేళ్లు ఉచితంగా ఉండొచ్చు. అయితే పాత పోలీసు కేసులు చూసి వాళ్లకు బయట ఎవరూ పని ఇవ్వలేదు. అందుకే 2001లో కొవ్వొత్తులు, ఒంటికి రాసుకునే నూనెలు చేసి అమ్మడం మొదలైంది. అదే థిసిల్ ఫార్మ్స్ అనే సంస్థ. ఆగ్రాలో 2014 డిసెంబరులో మొదలైన షీరోస్ హ్యాంగవుట్ కెఫేని యాసిడ్ దాడికి గురైన మహిళలే నడుపుతున్నారు. మన హైదరాబాద్‌లో 1996లో పుట్టిన ప్రజ్వల, అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీలకు వెల్డింగ్, వడ్రంగం, బుక్ బైండింగ్ కూడా నేర్పింది. ఆడవాళ్లంటే కుట్టుమిషనే అనుకోలేదు. నాకు చాలా నచ్చిన విషయం అది.

ఇప్పుడు అమ్మాయికి చెప్పాల్సిన కష్టమైన మాట. షాపు లాభంతోనే ఆశ్రమం మొత్తం గడవడం అరుదు. నిద్రపట్టని రాత్రి తర్వాత పనిలోకి వచ్చిన మనిషి ఎనిమిది గంటలు కూర్చోలేదు. కోర్టు వాయిదా ఉన్న రోజు రానే రాదు. ఆ రోజు కూలి కోసేస్తే సంస్థ ఉండి ఏం లాభం? అందుకే ఖర్చు పెరుగుతుంది, మిగులు తగ్గుతుంది. మిగతాది విరాళాలు, కంపెనీలు సమాజసేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులతో పూడ్చుకోవాలి. కొంటున్నవాళ్లు కూడా జాలితో ఒకసారే కొంటారు. రెండోసారి రావాలంటే సరుకు బాగుండాలి.

అక్కడే మీ అమ్మాయి పని మొదలవుతుంది. రెండొందల రూపాయల కొవ్వొత్తిలో మైనం, గ్లాసు, కూలి, షాపు కమీషన్, జీఎస్టీ పోగా నిజంగా ఎంత మిగిలిందో చెప్పగల మనిషి కావాలి. వ్యాపారం లెక్కలు, విరాళాల లెక్కలు విడివిడిగా ఉండాలి. విదేశీ విరాళాలు ఇంకా కట్టుదిట్టం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సొమ్ములో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. మంచి మనసున్న సంస్థలు కూడా లెక్కలు చూసేవాళ్లు లేక చిక్కుల్లో పడతాయి.

కాబట్టి నా సలహా సీఎంఏ, అంటే కాస్ట్ అకౌంటెంట్ కోర్సు. డిగ్రీ ఉన్నవాళ్లు మొదటి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఒక వస్తువు తయారీకి అయ్యే ఖర్చు తేల్చడమే ఆ చదువు. రేపు మనసు మారినా ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి పనికొస్తుంది. మనుషులతోనే నేరుగా పనిచేయాలని గట్టిగా ఉంటే ఎంఎస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) చేయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ ఉన్నాయి. ఏది ఎంచుకున్నా ముందు మూడు నెలలు ఇంటర్న్‌గా చేసి చూడమనండి.

జీతం బ్యాంకు ఇచ్చినంత ఉండదు, మొదట్లో మరీ తక్కువ. చేరేముందు పీఎఫ్ కడతారా, ఆడిట్ చేసిన లెక్కలు చూపిస్తారా, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉందా అని మొహమాటపడకుండా అడగాలి. బాధితురాళ్ల కథ చెప్పి సరుకు అమ్మే చోటైతే వద్దు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు. ఆగ్రాలో ఆ మహిళలు ముఖం చూపించి నిలబడ్డారంటే అది వాళ్లు తీసుకున్న నిర్ణయం.

మీ భయం అబద్ధమని అనను. ప్రజ్వల స్థాపకురాలు సునీతా కృష్ణన్ మీద ఎన్నోసార్లు దాడులు జరిగాయి. అయితే ఆ ముప్పు ఎక్కువగా ఆడపిల్లల్ని విడిపించే పనిలో ఉంటుంది, లెక్కల గదిలో కాదు. ఆశ్రమం అడ్రస్ మీక్కూడా చెప్పకపోవచ్చు. కోపం తెచ్చుకోకండి, అది లోపలున్నవాళ్ల రక్షణ కోసం. అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చాక అక్కడి వాళ్ల కథలేమీ అడగకండి. అలసిపోయావా అని అడిగి అన్నం పెట్టండి చాలు.