ఆస్ట్రేలియాలో కొత్తగా వచ్చిన మూడు రోజుల చైల్డ్‌కేర్ గ్యారంటీ ఉద్యోగాలు చేసే జంటలకు నిజంగా ఉపయోగమేనా?

ఉపయోగమే. కానీ ముందు మీరు ఏ వీసా మీద ఉన్నారో చూసుకోండి. 482 లాంటి తాత్కాలిక వర్క్ వీసా అయితే చైల్డ్‌కేర్ ఫీజులో కొంత ప్రభుత్వం కట్టే ఈ సబ్సిడీ అసలు రాదు, ఈ గ్యారంటీ మొదలైన 2026 జనవరి తర్వాత కూడా రాదు.

మేం ఉండేది మెల్‌బోర్న్. 2023 చివర్లో మా అత్తయ్యగారు విజిటర్ వీసా అయిపోయి ఇండియా వెళ్లిపోయారు, రెండేళ్ల పాపని సెంటర్లో చేర్చక తప్పలేదు. రోజుకి 135 డాలర్లు, వారానికి 675. నా చేతికొచ్చే జీతమేమో వారానికి తొమ్మిది వందల చిల్లర. ఒకరోజు సాయంత్రం పాప కోసం వెళ్తే, అదే గదిలో ఉండే బాబు వాళ్లమ్మ, మన గుంటూరు అమ్మాయే, మాటల్లో ఫోన్‌లో తన బిల్లు చూపించింది. రోజుకి నలభై డాలర్లు కూడా లేదు! వాళ్లకి పీఆర్, అంటే శాశ్వత నివాస వీసా, ఉంది, మాకు లేదు, అంతే తేడా. అదే గది, అవే టీచర్లు, మధ్యాహ్నం ఇద్దరు పిల్లలకీ అదే పాస్తా. నేనెంత కడుతున్నానో తెలిసి పాపం తనే ఇబ్బంది పడింది. కారెక్కాక చాలాసేపు బండి తియ్యలేకపోయాను. టాక్స్ మేమూ కడుతున్నాం కదా, మా పిల్ల ఏం తప్పు చేసింది?

పైగా జ్వరమొచ్చి పాప ఇంట్లో ఉన్నా, గుడ్ ఫ్రైడేకి సెంటర్ మూసేసినా ఫీజు కట్టాల్సిందే. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇదివరకు తల్లిదండ్రుల్లో ఎవరు తక్కువ గంటలు పనిచేస్తే వాళ్లని బట్టి సబ్సిడీ గంటలు లెక్కేసేవాళ్లు. ఇప్పుడు పని ఉన్నా లేకపోయినా రెండు వారాలకి కనీసం 72 గంటలు, అంటే వారానికి మూడు రోజులు, ఇస్తున్నారు. ఉద్యోగం పోయినవాళ్లకి, క్యాజువల్ షిఫ్టుల మీద నడిచే ఇళ్లకి చాలా టెన్షన్ తగ్గుతుంది. కాకపోతే గంటకి ఇంత అని ఒక పరిమితి దాకానే సబ్సిడీ లెక్క, సెంటర్ అంతకు మించి ఫీజు పెడితే ఆ పైదంతా మన నెత్తినే. ఫీజులకి కళ్లెం వెయ్యకుండా సబ్సిడీ ఎంత పెంచినా చివరికి సెంటర్లకే పోతుందని నా గట్టి నమ్మకం.

పీఆర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు పిల్లల ఇండియా టీకాల కార్డు ఇప్పుడే జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లి ఇక్కడి టీకాల రిజిస్టర్లో ఎక్కించండి, అది లేకపోతే సబ్సిడీ ఆగిపోతుంది. పీఆర్ వచ్చిన రోజే ప్రభుత్వ వెబ్‌సైట్ మైగవ్‌లో క్లెయిమ్ వెయ్యండి. ఆలస్యం చేస్తే వెనకటి డబ్బు 28 రోజులకి మించి ఇవ్వరు.