641 దగ్గర జాగ్రత్త, చిన్నా

చిన్నా,

గణిత దినోత్సవం నాడు కాలేజీలో 4294967297ని బోర్డు మీద చేత్తో విడగొట్టి చూపిస్తావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెంటనే పక్కింటావిడకీ చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అంకెలు పెద్దగా రాయి. ముందు రోజు రాత్రి మేలుకోకు. ఫెర్మా అనే గణితజ్ఞుడి కథ రెండు ముక్కల్లో ముగించు: 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కాబట్టి ఆ వరసలో తర్వాతదైన ఈ 4294967297 కూడా అంతే అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే మరో గణితజ్ఞుడు కాదని తేల్చాడు.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో చదివిన పుస్తకంలో ఫెర్మా మాట వరకే ఉంది. సంగతేంటో తేల్చేద్దామని కూర్చున్నాను. కాగితాలకు డబ్బులెక్కడివి? మీ తాతయ్య కొట్లో పాత చిట్టాల వెనకవైపు తెల్లగా ఉన్నవి చూసి కట్ట కుట్టి ఇచ్చారు. వచ్చినవాళ్లందరితో "మా అమ్మాయి పదంకెల లెక్క చేస్తోంది" అని ఒకటే గొప్ప. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు 168. అన్నిటితోనూ భాగించాను. దేనికీ తెగలేదు. 65536 దాకా చూడాలని తెలిసీ, ఇక ఉండదులే అని క్లాసులో లేచి "ఇది ప్రధాన సంఖ్యేనండీ" అన్నాను. లెక్చరర్ గారు మాట్లాడకుండా బోర్డు మీద 641 అని రాశారు. క్లాసంతా నవ్వింది.

641తో నేనూ భాగించానురా! శేషం 375 వచ్చింది మరి. ఇంటికెళ్లి ఏడుస్తుంటే మీ తాతయ్య ఆ కాగితం తీసుకుని దీపం దగ్గర వేలు పెట్టి ఒక్కో అంకే చూసుకుంటూ వెళ్లారు. 4489లో 4487 పోతే 2. పక్కన 6 దించాలి. నేను దాన్ని వదిలేసి 7 దించాను. "ఇదుగో, ఇక్కడ పోయిందమ్మా" అన్నారు. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా, 2 మిగిలాక భాగఫలంలో రెండు సున్నాలు పడాలి. ఆత్రంలో ఒకటి మింగేస్తావు. నీకు అన్నం కూడా నమలకుండా మింగే అలవాటేగా.

నాలా 2, 3, 5 అంటూ మొదలుపెట్టకు. దీని కారణాంకం ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. ఆయిలర్ పట్టుకున్న కిటుకు అదే. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదోదానికే దొరికిపోతుంది! నా కట్టలో అది నూటపదహారోది.

చివర్లో 641ని 6700417తో హెచ్చవేసి చూపించు. టైమైపోయిందని గంట కొట్టినా సరే, ఆ గుణకారం చేయకుండా దిగకు.

జేబురుమాలు మరిచిపోకు. సుద్దపొడి పడితే నీకు తుమ్ములు ఆగవు.

పెద్దమ్మ