ముభావంగా ఉండే పిల్ల థెరపిస్ట్ కాగలదా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బి.ఎ. సైకాలజీ చివరి సంవత్సరం. థెరపిస్ట్ అవుతానంటోంది. చుట్టాలొస్తే ‘బాగున్నారా’ అని గదిలోకి వెళ్లిపోయే రకం. పక్కింటి మామ్మగారి దగ్గర మాత్రం గంటలు గంటలు కూర్చుంటుంది. ఇలాంటి పిల్లకు మనుషులతో ఆప్యాయంగా మెలగాల్సిన ఈ వృత్తి నప్పుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మామ్మగారి మాట రెండుసార్లు చదువుకున్నాను. దాని సంగతి చివర్లో చెప్తాను.

థెరపీలో ఆప్యాయత అంటే తియ్యగా మాట్లాడటం కాదు. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో, థెరపీతో మనిషి మారాలంటే ఏమేం ఉండాలో చెబుతూ ‘అన్‌కండిషనల్ పాజిటివ్ రిగార్డ్’ను లెక్కలో వేశాడు. షరతుల్లేని ఆదరణ అనుకోండి. ‘మార్కులొస్తే బంగారుతల్లి, రాకపోతే మొద్దు’ అంటాం చూడండి, దానికి పూర్తిగా ఎదురు. క్లయింట్ చేసిన పనిని మెచ్చుకోనక్కర్లేదు. ఆ పని చేశాడని మనిషిని చులకనగా చూడకూడదు, అంతే.

కొన్నేళ్ల క్రితం ఒక ఇంజినీరింగ్ కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, ఊళ్లో నాన్నకు మాత్రం అన్నీ పాసయ్యానని చెప్పాడు. ‘ఏం కాదులే బాబూ, అన్నీ సర్దుకుంటాయి’ అన్నాను, ప్రేమగానే. తలూపాడు, బ్యాగు జిప్పు లాగాడు, లేచాడు. మళ్లీ రాలేదు. చెప్పుకోవడానికొచ్చిన బాధ మీద నేను మూత పెట్టేశాను. ‘నాన్నతో ఫోన్ మాట్లాడి పెట్టేశాక నీకెలా ఉంటోంది?’ అని అడిగి, అతను నోరు విప్పేదాకా ఊరుకోవాల్సింది. ఇప్పటికీ గుర్తొస్తుంటాడు.

మంచి థెరపిస్టుల ఆదరణ చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. పోయినవారం చెప్పిన చెల్లెలి పరీక్ష గుర్తుంచుకుని అడుగుతారు. ఏడుస్తుంటే ‘ఊరుకో’ అనరు, ఏడవనిస్తారు. చిన్నవాళ్లనైనా వాళ్లకిష్టమైతేనే ‘నువ్వు’ అంటారు. లేని నవ్వు తెచ్చిపెట్టుకుంటే క్లయింట్ ఇట్టే పసిగడతాడు. థెరపిస్ట్ నటించకూడదన్నది కూడా రోజర్స్ గట్టిగా చెప్పిన మాటే. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416) చూడండి. మీ ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మార్గదర్శకత్వంలో నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్‌లో ముఖం కనపడదు. ఉండేదల్లా గొంతూ, ఓపికా.

ఇది సాధనతో వచ్చే విద్య కూడా. అందుకే పి.జి. కాలేజీ చూసేటప్పుడు ప్లేస్‌మెంట్ల కన్నా ముందు ఇది అడగండి: విద్యార్థులు సెషన్లు చేస్తుంటే సీనియర్లు దగ్గరుండి దిద్దుతారా? క్లయింట్ అనుమతితో చేసిన రికార్డింగులు విని తప్పులు చెప్తారా? క్లినికల్ సైకాలజిస్ట్ కావాలనుకుంటే మామూలు పి.జి. ఒక్కటే చాలదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న శిక్షణ పూర్తిచేసి అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి. ఏళ్లు పట్టే దారి, డబ్బు విషయం ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇక మామ్మగారు. ఒక పెద్దావిడ గంటలకొద్దీ మనసు విప్పి మాట్లాడుతోందంటే, ఆ పిల్ల దగ్గర ఆవిడకేదో దొరుకుతోంది. ఏం మాట్లాడుకుంటారని మీ అమ్మాయిని ఎప్పుడైనా అడిగారా? అడిగినా చెప్పకపోతే మాత్రం బలవంతపెట్టకండి. ఒకరు చెప్పుకున్నది కడుపులో దాచుకోవడం కూడా ఆమె కోరుకున్న పనిలో భాగమే.