ఒక్కరోజు హిజాబ్

ప్రశ్న: అమెరికాలో చదువుతున్న మా అమ్మాయి ఫిబ్రవరి 1న ప్రపంచ హిజాబ్ దినోత్సవానికి తానూ హిజాబ్ కట్టుకుంటానంటోంది. మావారు ససేమిరా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, దీన్ని 2013లో న్యూయార్క్‌లో నజ్మా ఖాన్ మొదలుపెట్టారు. బంగ్లాదేశ్ నుంచి చిన్నప్పుడే వచ్చిన ఆమెను బడిలో హిజాబ్ చూసి ఏడిపించేవారు. ఆ బాధ ఇతరులకూ తెలియాలని ఒక్కరోజు కట్టుకోమన్నారు. మీ అమ్మాయి మనసు మంచిదే.

అయితే ముస్లిం స్త్రీలే కొందరు దీన్ని ఒప్పుకోరు. అస్రా నొమానీ, హలా అరాఫా 2015లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో, సంఘీభావం పేరుతో హిజాబ్ వేసుకోవద్దని ఇతర మతాల స్త్రీలను కోరారు. ఇరాన్‌లోనైతే స్త్రీలు హిజాబ్ కట్టుకోవాలన్నది చట్టం. హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ, 22 ఏళ్ల పిల్ల, 2022 సెప్టెంబరులో వాళ్ల నిర్బంధంలోనే కుప్పకూలి చనిపోయింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా గుండె మండుతుంది.

2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినప్పుడు అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ తలపై వస్త్రం కప్పుకుని బాధితుల దగ్గరికి వెళ్లారు. అది పరామర్శ. నాకు ఎంతో గౌరవంగా తోచింది.

నేనైతే అమ్మాయిని ముందు తన ముస్లిం స్నేహితురాళ్లనే అడగమంటాను: హిజాబ్ కట్టేవాళ్లనూ, కట్టనివాళ్లనూ. ఆ రోజు వాళ్లు తమతో రమ్మంటే కట్టుకోనివ్వండి. ఫొటోల కోసమైతే వద్దు. మీవారికి మాత్రం ఇది మతం మారడం కాదని నెమ్మదిగా చెప్పండి.