చూరులో సత్తు గ్లాసు

చిరంజీవికి,

కథ అందింది. పాలేరు వాళ్ల కోసం విడిగా చూరులో దోపిన సత్తు గ్లాసు, అందులోకి అమ్మ చెయ్యి పైకెత్తి టీ పొయ్యడం బాగా పట్టుకున్నావు. చివరి పేరా చదివాక మాత్రం ఒళ్లు మండింది. ‘మనుషులంతా ఒక్కటేనని ఆ రోజే తెలుసుకున్నాను’ అని ఎనిమిదేళ్ల పిల్లాడి చేత చెప్పించావు. ఆ మాట నీది, వాడిది కాదు. కొట్టెయ్. నీతి తేలలేదంటూ కథలు తిప్పి పంపే సంపాదకులు అంటించిన జబ్బిది.

పిల్లలు ముందు తప్పు చేస్తారు. ఎవరో అడ్డుకుంటారు. ఉక్రోషం వస్తుంది. అర్థం కావడం ఎప్పటికో. 1960లో వచ్చిన హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ తీసి 3వ అధ్యాయం చూడు. కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్. వాళ్లింటికి ఒక పేద రైతు కొడుకు భోజనానికొచ్చి కూరల మీదా మాంసం మీదా పాకం ధారగా పోసుకుంటాడు. అదేం తిండని స్కౌట్ పైకే అనేస్తుంది. వంటమనిషి కాల్పూర్నియా వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెట్టి, ఒకటిచ్చుకుని, అక్కడే కూర్చుని తినమంటుంది. స్కౌట్ మారిందా? లేదు. కాల్పూర్నియాను పంపించెయ్యమని తండ్రికి చెబుతుంది. 15వ అధ్యాయంలో, జైలు ముందు, ఒక నల్లజాతి ఖైదీని చంపడానికి వచ్చిన గుంపులో ఆ కుర్రాడి తండ్రి కనబడితే, మీ అబ్బాయిని అడిగానని చెప్పండి అంటుంది. గుంపు వెనక్కి తగ్గుతుంది. తానేం చేసిందో ఆ పిల్లకు తెలీదు, పాఠకుడికి తెలుసు. ఆ పన్నెండు అధ్యాయాల ఎడం నీ కథలో లేదు. తప్పూ జ్ఞానోదయమూ ఒకే పూట జరిగిపోయాయి.

మొదటి పేజీలో నీ పిల్లాడు ఉత్త సాక్షిగా నిలబడ్డాడు. వాడి చేత తప్పు చేయించు. పాలేరు కొడుకు ఇంటి గ్లాసు ముట్టబోతే, ‘నీది అది కాదు, చూరులో ఉంది’ అని వాడే చెప్పాలి, అమ్మ మెచ్చుకుంటుందన్న గర్వంతో. తర్వాత వారం పది రోజులు గడవనీ. ఈలోగా ఇద్దరినీ ఆటలో కలుపు. చివర్లో నీ పిల్లాడేదో చిన్న పని చెయ్యాలి, ఎందుకు చేశాడో వాడికే తెలియకూడదు.

‘వివక్ష’, ‘అమానుషం’ తీసెయ్. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్న గొంతు కావాలంటే మొదటి వాక్యం నుంచీ ఉంచు, స్కౌట్ కథలో ఉన్నట్టు. నువ్వు చివరి పేరాలో మాత్రమే తెచ్చావు, అందుకే అతికించినట్టుంది.

ఇక అమ్మ. ఆవిడను రాక్షసిని చెయ్యకు. జ్వరమొస్తే రాత్రంతా కొడుకు పక్కన కూర్చునే మనిషే ఆ గ్లాసునూ చూరులో పెట్టింది. వాడికి ఆవిడంటే ప్రాణం. కథలో అసలు చిక్కు అక్కడుంది, అది రాసి పంపు.