స్థాయి తగ్గించేది బొమ్మలు కాదు, గైడ్లు

డిగ్రీ పిల్లలకు అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ లాంటి కష్టమైన రచనల్ని కామిక్స్‌తో చెబితే స్థాయి తగ్గిపోదా అని అడిగారు. తగ్గదు. తగ్గించేవి బజారులో దొరికే గైడ్లు. అంత వాదననూ ఐదు పాయింట్లు చేసి బట్టీ పట్టిస్తాయి. వాటిని ఎవరూ ఏమీ అనరు. బొమ్మల పుస్తకం పట్టుకెళ్తే మాత్రం స్టాఫ్‌రూమ్‌లో మొహాలు చిట్లిస్తారు.

నేను పొలిటికల్ సైన్స్ చెబుతాను. అంబేడ్కర్ జీవితం మీద 2011లో వచ్చిన బొమ్మల పుస్తకం ‘భీమాయన’కు బొమ్మలు వేసింది పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. అందులో మంచి మాటల బుడగలు పిట్టల్లా ఉంటాయి. కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. బడిలో చిన్న భీమ్‌కు నీళ్లు దొరకని పేజీలు చూపిస్తే చాలు, కొండి ఎందుకో ఎవరూ అడగరు.

ఆ తర్వాత 1936 నాటి ఉత్తరాలు చదివించాను. కులం పోవాలనే లాహోర్ సంఘం జాత్-పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్‌ను తమ సభలో అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ప్రసంగం ప్రతి చూశాక కొన్ని భాగాలు తీసేయమంది. కామా కూడా మార్చనన్నారాయన. సభ ఆగిపోయింది, ఆ ప్రసంగాన్నే ‘కుల నిర్మూలన’గా సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నారు. మండల్ వాళ్ల ఉత్తరానికి పిట్ట వేస్తారా, కొండి వేస్తారా అని క్లాసులో అడిగాను.

ఇక గోలే గోల. వాళ్లూ కులం పోవాలన్నవాళ్లే కదా, ఎంత మర్యాదగా రాశారో చూడండి సార్ అని కొందరు. వెనక బెంచీ అమ్మాయి లేచి బోర్డు మీద పిట్టను గీసి, దాని తోకకు కొండి తగిలించింది. “మర్యాదగానే అన్నారు సార్, కానీ వేదాల జోలికి పోవద్దన్నారు.” అవునో కాదో తేల్చడానికి పిల్లలు ఉత్తరాన్ని వాక్యం వాక్యం మళ్లీ చదివారు. గైడు చేతిలో ఉన్న ఏ క్లాసులోనూ నేనిది చూడలేదు.

కార్టూనిస్టు శంకర్ ఎప్పుడో వేసిన నత్త కార్టూన్‌ను 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం నుంచి తీసేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. దాన్ని చూసి దళితులకు కోపం రావడం న్యాయమే. ఆ కోపం ఎందుకొచ్చిందో పిల్లలతో మాట్లాడితే ఎంత మంచి పాఠం అయ్యేది! తీసేసి చేతులు దులుపుకున్నారు.

మీరు మొదలుపెడితే ప్రసంగంతో పెట్టకండి. ముందు బొమ్మలు, తర్వాత ఆ ఉత్తరాలు, ఆ తర్వాతే ప్రసంగం. అదీ పూర్తి పాఠమే ఇవ్వండి, సారాంశం వద్దు.