లైజాన్ ఆఫీసుకు ఇల్లు కిరాయికి ఇచ్చే ముందు

పూర్తి దౌత్య సంబంధాలు లేని ప్రభుత్వపు లైజాన్ ఆఫీసుకు, అంటే సంప్రదింపుల కార్యాలయానికి, కూడా రాయబార కార్యాలయంతో సమానంగా రక్షణలు (దావాల వంటి కోర్టు చర్యల నుంచి మినహాయింపులు) ఉంటాయా, హైదరాబాద్‌లోని మీ ఇంటిని అటువంటి ఆఫీసుకు ఇచ్చి కిరాయి ఆగితే దావా వేయగలరా అని మీరు అడిగారు. నల్లగొండలో చాలాకాలంగా సివిల్ దావాలు నడుపుతున్న వకీలుగా నాకు తెలిసినది చెబుతాను.

ఆ రక్షణలు ఆతిథ్య దేశం తన చట్టం ద్వారా ఇస్తేనే వస్తాయి. అమెరికా, చైనా 1973లో పరస్పరం లైజాన్ ఆఫీసులు తెరిచినప్పుడు వాషింగ్టన్‌లో అధికారిక చైనా రాయబార కార్యాలయం ఇంకా తైవాన్ ప్రభుత్వానిదే కనుక, బీజింగ్ ప్రభుత్వం అక్కడ తెరిచే ఆఫీసుకు రక్షణ కల్పించడానికి అమెరికా ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రత్యేక చట్టం చేసింది. 1974 మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో ఆ రక్షణలు వర్తించాయి. పూర్తి సంబంధాలు ఏర్పడింది 1979 జనవరి 1న. గుర్తింపునూ రక్షణనూ ఇలా వేరు చేసి, రెండోదాన్ని బహిరంగంగా చట్టంలో రాయడమే సరైన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే తన హక్కు ఎక్కడ ఆగుతుందో సామాన్యుడు అప్పుడే చదివి తెలుసుకోగలడు.

మన దేశంలో దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన అంతర్జాతీయ వియన్నా ఒప్పందాన్ని అమలు చేసేది 1972 చట్టం. ఒక వ్యక్తికి రక్షణ ఉందా అన్న వివాదం వస్తే, అందుకు సంబంధించిన వాస్తవాలపై విదేశాంగ శాఖ కార్యదర్శి అధికారంతో వచ్చే ధ్రువపత్రమే కోర్టుకు తిరుగులేని సాక్ష్యం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ రాజ్యంపై దావాకు కేంద్రం లిఖితపూర్వక అనుమతి కావాలి. అయితే 87ఏ సెక్షన్ ప్రకారం ‘విదేశీ రాజ్యం’ అంటే కేంద్రం గుర్తించినది మాత్రమే. కాబట్టి మీ విషయంలో మొదట తేలవలసినది ఆ గుర్తింపే.

సూర్యాపేట ప్రాంతపు ఒక కుటుంబం, కిరాయికి ఉన్న విదేశీ ఆఫీసు మీద కేసు నడవదని ఎవరో చెప్పిన మాట నమ్మి, హైదరాబాద్ ఇంటి కిరాయి బకాయిని వదులుకోబోయింది. నేను కిరాయినామా చూస్తే, సంతకం చేసినది ఆ విదేశీ ఆఫీసు కాదు, అందులో ఇక్కడే నియమితుడైన ఒక భారతీయ ఉద్యోగి, అదీ తన సొంత పేరున. అటువంటి ఉద్యోగికి తన సొంత లావాదేవీల్లో ఏ రక్షణా లేదు. మామూలు నోటీసుతోనే బకాయి వసూలైంది.

మీరు సంతకానికి ముందే ఆ ఆఫీసు హోదా గురించి విదేశాంగ శాఖ ప్రోటోకాల్ విభాగానికి రాయండి. రక్షణ ఉన్నట్టు తేలితే, దాన్ని వదులుకుంటున్నట్టు ఆ ప్రభుత్వం తరఫున రాయించుకోండి. దావాకు అంగీకరించినంత మాత్రాన తీర్పు అమలుకు అంగీకరించినట్టు కాదు కనుక, ఆ రెండింటినీ విడివిడిగా రాయించాలి.